కర్నూలు గవులు – మన కాళ్ళ కింది చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెన్షన్ లెక్కల గురించీ, మందుల బిల్లుల గురించీ రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, నేను తిరిగిన నేల గురించి రాస్తానని చెప్పాను. సర్వేయరుగా ముప్పై అయిదేళ్ళు గొలుసు లాగించి, 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య నేలను కొలవడం ఒక్కటే. కానీ కొలిచిన నేల కింద ఏముందో సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పట్టించుకోలేదు. రిటైరయ్యాక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. తెలిశాక కొంత సంతోషం, కొంత పశ్చాత్తాపం కలిగాయి. ఆ రెండూ ఈ వ్యాసంలో ఉంటాయి.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళలో వరండాలోనో, వంటింట్లోనో బేతంచెర్ల బండలు పరచి ఉంటాయి. కొందరివి తాడిపత్రి బండలు, కొందరివి కడప బండలు. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద చాప కూడా లేకుండా పడుకున్న సుఖం మన తరానికి తెలుసు. ఆ బండ ఏ రాయో, కర్నూలు గుహలూ ఆ రాయే. అదే సున్నపురాయి. మనం గవి అంటాం, పుస్తకాలు గుహ అంటాయి. ఆ రాతిని మనుషులు పలకలుగా కోసి ఇళ్ళల్లో పరిచారు, నీళ్ళు లోపల్లోపల తొలిచి గవులు చేశాయి. కనుక ఈ కథ మీ ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది.

రాయీ నీరూ

ఈ రాయి ఎప్పటిది? చెట్టు, పురుగు, పిట్ట ఏవీ నేల మీదికి రాని కాలంలో, యాభై కోట్ల సంవత్సరాలకన్నా ఎంతో ముందు, ఇప్పటి కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం ప్రాంతాల్లో కొంత భాగం లోతు తక్కువ సముద్రం. దాని అడుగున సన్నని సున్నపు బురద పొర మీద పొర పేరుకుంది. పైబరువుకు అది గట్టిపడి రాయి అయింది. అందుకే ఈ రాయి పొరలు పొరలుగా విడివడుతుంది, పలకలుగా తీయడానికి అనువుగా ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి కడప జిల్లాలోని ఒక ఊరి పేరు మీద నార్జి సున్నపురాయి అని పేరు పెట్టారు.

గవి ఏర్పడే తీరు చిత్రంగా ఉంటుంది కానీ కష్టమైనదేమీ కాదు. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు గాలిని కొంత కలుపుకుంటుంది. నేలలో దిగేటప్పుడు వేళ్ళ దగ్గర, కుళ్ళిన ఆకుల దగ్గర ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. అలా ఆ నీరు చాలా పలచని ఆమ్లంగా మారుతుంది. నాలుక మీద పులుపు తెలియదు, కానీ సున్నపురాయికి తెలుస్తుంది. రాతిలోని సన్నని పగుళ్ళ వెంట దిగుతూ, వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు కరిగిస్తూ పోతుంది. గీతంత పగులు చెయ్యి దూరేంత అవుతుంది, తర్వాత మనిషి దూరేంత, చివరికి ఒక పెళ్ళివారు విడిది చేసేంత అవుతుంది. నీటిమట్టం కిందికి దిగిపోయాక ఖాళీ మిగులుతుంది. అదే గవి.

ఆ తర్వాత రెండో పని మొదలవుతుంది. కప్పు నుంచి కారే బొట్టు గాలి తగలగానే తనలోని వాయువును వదిలేస్తుంది. అప్పుడు కరిగించుకు వచ్చిన సున్నాన్ని మోయలేక అక్కడే వదిలిపోతుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెళుసు పొర కడుతుందే, ఇంచుమించు అదే వ్యవహారం. బొట్టు బొట్టుకూ ఆ పొర పెరిగి పైనుంచి మర్రి ఊడల్లా వేలాడుతుంది. కింద పడిన బొట్టు నుంచి లింగాకారాలు లేస్తాయి. బెలుం గుహల్లో ఒక చోటికి ఊడలమర్రి అనీ, ఇంకో చోటికి కోటిలింగాలు అనీ పేర్లు పెట్టింది ఇందుకే. అటువంటి ఊడ అంగుళం పెరగడానికి ఎన్నో తరాలు పడుతుంది. విరగ్గొట్టడానికి ఒక కుర్రవాడి చేతిలో రాయి చాలు.

ఉండవల్లి, గుంటుపల్లి గుహలు వేరు. అవి మనిషి ఉలితో తొలిచినవి. కర్నూలు గవులు నీరు తొలిచినవి. మనిషి వాటిలోకి అతిథిగా వచ్చాడు.

బిల్లసుర్గం

బేతంచెర్లకు దగ్గరలో బిల్లసుర్గం అనే గవుల సముదాయం ఉంది. కొందరు బిలస్వర్గం అంటారు. లోతైన కందకాల వంటి మూడు దారులు, వాటి మీద అక్కడక్కడ కూలకుండా మిగిలిన సహజమైన రాతి కమానులు, పక్క గోడల్లో గవుల నోళ్ళు. ఒకప్పుడు ఆ కందకాలు కూడా గవులేననీ, కప్పు కూలిపోయి ఆకాశం కనిపిస్తోందనీ చెబుతారు.

ఈ చోటు పుస్తకాల్లోకి ఎక్కిన తీరు మనవంటి ఉద్యోగులు తెలుసుకోదగ్గది. 1839లో కర్నూలు నవాబు పాలన పోయి ఆ ప్రాంతం కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అక్కడ పనిచేసిన మద్రాసు సైన్యపు అధికారి న్యూబోల్డ్ ఈ గవులను చూశాడు. లోపలి మట్టిలో ఎముకలు గట్టిగా అతుక్కుని ఉండడం గమనించాడు. ఆయన ఉద్యోగానికీ ఆ ఎముకలకూ సంబంధం లేదు. అయినా చూసింది చూసినట్టు రాసి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికకు పంపాడు. 1844లో అది అచ్చయింది. 1850లో ఆయన చనిపోయాడు. ఆయన రాసిన మాట దాదాపు నలభై ఏళ్ళు అలమరలోనే ఉంది.

1880 దశకం మొదట్లో ఇంగ్లండులో డార్విన్ సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించిన థామస్ హక్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడు, అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ దృష్టికి ఈ గవుల సంగతి తెచ్చాడు. న్యూబోల్డ్ రాసిన కర్నూలు గవులను సరిగ్గా తవ్వి చూడాలన్నది ఆయన ఉద్దేశం. గవర్నరు ఆ పని జియలాజికల్ సర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు అప్పగించాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు చేతిగొడ్డలిని గుర్తించి, భారతదేశ పూర్వచరిత్ర అధ్యయనానికి నాంది పలికినవాడు ఈయనే. 1883–84లో ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ బిల్లసుర్గంలో తవ్వకాలు జరిపారు. పని ఎక్కువ భాగం నడిపించింది సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకే.

తవ్విన ఒక్కో గవికీ వారు ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నారు. ఒకటి కెథీడ్రల్, అంటే పెద్ద చర్చి. ఇంకొకటి ఛార్నెల్ హౌస్, అంటే ఎముకలు భద్రపరిచే ఇల్లు. మరొకటి పర్గెటరీ, అంటే పాపులు శుద్ధి పొందే చోటు. మనవాళ్ళు స్వర్గం అన్న చోట దొరలకు పాపశుద్ధి స్థలం కనిపించిందన్నమాట.

మట్టిలోంచి ఎముకలు బస్తాల కొద్దీ బయటికి వచ్చాయి. వాటిని లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో గ్రంథంగా వెలువరించాడు. అందులో ఒక ఖడ్గమృగం ఉంది. దానికి ఆయన కర్నూలు పేరే పెట్టాడు. ఖడ్గమృగం అంటే మనకు అస్సాం గుర్తుకొస్తుంది. ఒకప్పుడు అది బేతంచెర్ల మడుగుల్లో పొర్లాడింది. మచ్చల దుమ్ములగొండి ఎముకలూ అక్కడ గుర్తించారు. ఈనాడు ఆ జాతిని చూడాలంటే ఆఫ్రికా పోవాలి. మన అడవుల్లో మిగిలింది చారల దుమ్ములగొండి మాత్రమే.

ఇన్ని ఎముకలు గవిలోకి ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. కొన్ని దుమ్ములగొండ్లు ఈడ్చుకొచ్చినవి. కొన్ని ముళ్ళపందులు పళ్ళు అరగదీసుకోవడానికి మోసుకొచ్చినవి. ఎలుకల వంటి చిన్న ప్రాణుల ఎముకలు గుడ్లగూబలు తిని కక్కినవి. కొన్ని వాన నీళ్ళతో కొట్టుకొచ్చినవి. అన్నిటినీ సున్నపు మట్టి కాపాడింది. మన ఎర్ర నేలల్లో ఎముక కొన్నేళ్ళకే కరిగిపోతుంది. గవిలో వేల ఏళ్ళు నిలిచింది. కనుక గవి అంటే రికార్డు రూమే. తేడా ఏమిటంటే, అందులో ఫైళ్ళు కట్టిపెట్టింది దుమ్ములగొండ్లూ గుడ్లగూబలూ.

పోయిన పనిముట్లు, దొరికిన పొయ్యి

ఫుట్‌కు జంతువుల ఎముకలతో పాటు మనిషి చేత్తో చెక్కిన ఎముక పనిముట్లు కూడా దొరికాయి. రెండు వందల దాకా ఉన్నాయని లెక్క. ఐరోపా గుహల్లో దొరికే రకం పనిముట్లు దక్షిణ భారతంలో కూడా ఉన్నాయన్నది ఆనాటికి పెద్ద వార్త. కానీ తర్వాతి కాలంలో ఆ పనిముట్లు కనబడకుండా పోయాయి. వస్తువు లేకపోతే మాటను ఎవరు నమ్ముతారు? అవి నిజంగా పనిముట్లేనా, జంతువులు కొరికిన ఎముకలా అని పండితులు అనుమానించారు. 1920 దశకంలో కామియేడ్ అనే ప్రభుత్వాధికారి మళ్ళీ ఆ గవులను చూసి వ్యాసం రాశాడు. చర్చ మాత్రం తెగలేదు.

1970 దశకంలో ఆచార్య ఎం.ఎల్.కె. మూర్తి, ఆచార్య కె. తిమ్మారెడ్డి ఈ ప్రాంతమంతా కాలినడకన గాలించారు. బేతంచెర్ల పరిసరాల్లోనే ముచ్చట్ల చింతమాను గవి అనే చోట మూర్తిగారు తవ్వకం జరిపారు. పేరు చూడండి, ఎంత ఇంపుగా ఉందో! అక్కడ రాతి పనిముట్లతో పాటు, వాటికంటే ఎక్కువ సంఖ్యలో ఎముక పనిముట్లు, పొరల క్రమంలో చెక్కు చెదరకుండా దొరికాయి. తొంభై ఏళ్ళ కిందట ఫుట్ చెప్పిన మాట నిజమేనని తేలింది.

అంతకంటే మనసుకు తగిలేది ఇంకొకటి దొరికింది. అది ఒక పొయ్యి. కాలిన మట్టి, కమిలిన రాయి. ఆ మట్టికి శాస్త్రీయ పరీక్ష జరిపితే, అక్కడ నిప్పు రాజేసి పదిహేడు వేల ఏళ్ళు దాటిందని 1983లో ప్రకటించారు. వ్యవసాయం లేదు, కుండ లేదు, ఇనుము లేదు. చలికాలం రాత్రి ఆ గవిలో ఎవరో నిప్పు చుట్టూ కూర్చున్నారు. వారిలో ముసలివాళ్ళు కూడా ఉండి ఉంటారు. ఏ వాగులో నీళ్ళు ఎండవో, ఏ గుట్ట మీద జింక దొరుకుతుందో పిల్లలకు చెప్పవలసింది వాళ్ళే కదా.

బిల్లసుర్గంలో 2000 తర్వాత మన దేశపు, విదేశాల శాస్త్రజ్ఞులు కలిసి మరోసారి తవ్వారు. ఆ ఎముకల మీద జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. దాదాపు రెండు లక్షల సంవత్సరాల కాలంలో వాతావరణం ఎన్నోసార్లు మారినా, అక్కడ గుర్తించిన జంతు జాతుల్లో అత్యధిక భాగం నిలిచి కొనసాగాయని అందులో తేలింది. ఇతర ఖండాల్లో పెద్ద జంతువులు వరసగా నశించిపోతున్న కాలంలో మన నేల వాటిని కాపాడుకుంది. కొండ, అడవి, గడ్డి బీడు, వాగు అన్నీ దగ్గర దగ్గరగా ఉండడం వల్ల ఒక చోట కష్టం వస్తే జంతువు పక్క చోటికి పోగలిగిందని వారి అభిప్రాయం.

జ్వాలాపురం బూడిద

బనగానపల్లెకు దగ్గరలో జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేల కింద తెల్లటి బూడిద పొర మందంగా ఉంటే స్థానికులు తవ్వి అమ్ముకునేవారు. అది కట్టెల బూడిద కాదు. దాదాపు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్ళలో అంతటి విస్ఫోటనం లేదంటారు. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి మన లోయలో పడింది.

రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఈ బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. రెండూ ఒకే తీరులో ఉన్నాయి. అంటే ఆకాశం నుంచి బూడిద కురిసిన తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికి బట్టకట్టారని వారి వాదన. వారు మన వంటి మనుషులేనా, అంతకు ముందు తరం మానవులా అన్నది ఇంకా తేలవలసిన విషయం. అదే లోయలో కొండచరియ కింద ఒక ఆశ్రయంలో దాదాపు 35 వేల ఏళ్ళ కిందటి సన్నని రాతి పలుకుల పనిముట్లు, పూసలు దొరికాయి. పూస దేనికీ పనికివచ్చే వస్తువు కాదు, అందం కోసం చేసేది. అన్నం దొరకడమే కష్టమైన రోజుల్లో కూడా మన పూర్వీకులు మెడలో ఏదో ఒకటి వేసుకోవాలనుకున్నారు.

దేవుళ్ళూ యోగులూ

తర్వాతి కాలంలో గవులు వేట మనుషుల చేతుల్లోంచి భక్తుల చేతుల్లోకి వచ్చాయి. అదే బనగానపల్లె ప్రాంతంలో యాగంటి ఉమామహేశ్వర క్షేత్రం ఉంది. చుట్టూ ఎర్రని కొండగోడలు, వాటిలో అగస్త్యుడి పేర, వెంకటేశ్వరుడి పేర, వీరబ్రహ్మం పేర గుహలు. కోనేటిలోకి కొండ నుంచి నీరు వస్తూనే ఉంటుంది. బయట వాగులెండినా అది ఎండదని పేరు. వానకాలంలో తాగిన నీటిని కొండ తన పగుళ్ళలో దాచుకుని మెల్లగా వదులుతుంది. భక్తులు దాన్ని స్వామి మహిమ అంటారు. నేను రెండు మాటలకూ దండం పెడతాను. అక్కడి బసవన్న పెరుగుతున్నాడన్న నమ్మకం మీకందరికీ తెలిసిందే.

బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని మన పెద్దలు చెబుతారు. నల్లమలలో అహోబిలం సరేసరి. ఆ పేరులోనే బిలం ఉంది. అదే బిలం బిల్లసుర్గంలోనూ ఉంది, బెలుంలోనూ ఉందంటారు. ఎన్ని పుస్తకాలు రాకముందే మన జనం ఈ నేల బోలు నేల అని ఊళ్ళ పేర్లలో రాసిపెట్టుకున్నారు.

బెలుం

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను 1884లో బ్రూస్ ఫుట్ తన రాతల్లో ప్రస్తావించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ లోపలిదాకా పోయి కొలవలేదు. 1982–83లో జర్మనీ నుంచి వచ్చిన గెబవర్ బృందం దీపాలు కట్టుకుని, పాకుతూ, దేకుతూ లోపల కొలతలు తీసింది. పొడవు 3,229 మీటర్లని తేలింది. పైన చూస్తే చదునైన పొలాల మధ్య మూడు గుంతలు. నడిమి గుంతలోంచి దిగితే భూమి కింద ఒక ఊరంత దారులు. అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర నేలమట్టానికి దాదాపు 46 మీటర్ల దిగువన ఉంటాం. మేఘాలయలో క్రెమ్ లియట్ ప్రా వంటి గుహలు 30 కిలోమీటర్లకు పైబడి ఉన్నాయి. మైదాన ప్రాంతంలో మాత్రం బెలుంకు సాటి లేదంటారు.

ఇంతటి గుహను ఒకప్పుడు చెత్త పారబోయడానికి వాడుకున్నారంటే నమ్మగలరా? అది ఆగడానికి ముఖ్య కారకుల్లో బెలుం ఊరికే చెందిన ఒక విశ్రాంత పోలీసు అధికారి ఉన్నారు. ఆయనా, ఊరి పెద్దలు కొందరూ ఏళ్ళ తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగారు. 1988లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి తీసుకుంది. దారులు వేసి, దీపాలు పెట్టి, గాలి కోసం పైనుంచి గొట్టాలు దింపి, 2002లో ప్రజలకు తెరిచారు. పెన్షన్ కాగితం చేతికొచ్చాక కూడా మనిషి ఊరికి ఎంత చేయగలడో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ వద్దు.

మనవలతో వెళ్ళదలచినవారికి ఒక మాట. చలికాలంలో వెళ్ళండి. లోపల ఉక్క ఎక్కువ, మెట్లు ఎక్కి దిగాలి, కొన్నిచోట్ల నడుము వంచాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు మొదటి మంటపం దాకా చూసి తిరిగి రావడం మేలు. గోడల మీద పేర్లు గీకవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

నేను గీయని గుర్తు

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 1974లో బేతంచెర్ల వైపు ఒక పల్లెలో మకాం పెట్టి కొలతలు తీస్తున్నాం. నా దగ్గర పనిచేసే చైన్‌మన్ నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. చదువు లేదు కానీ ఆ గుట్టల్లో ప్రతి రాయీ ఎరుగును. ఒక మధ్యాహ్నం చెట్టు కింద సద్ది తింటూ అన్నాడు: "సార్, ఆ గుట్టకాడ గవి ఉండాది. లోపల రాకాసి ఎముకలుండాయి. మా నాయన చూపిచ్చినాడు. పటంలో ఏస్తారా?"

నేను నవ్వాను. "గవికి శిస్తు వేస్తామా పెద్దాయనా?" అన్నాను. ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం వెలుగుంటే చూద్దాంలే అనుకున్నాను, కానీ చూడలేదు. ఆ గుట్టకు రికార్డులో రాతి పోరంబోకు అని రాసి నాలుగు రాళ్ళు పాతించి వచ్చేశాను. పటంలో చిన్న సున్నా చుట్టి పక్కన గవి అని రెండక్షరాలు రాయడానికి అర నిమిషం పట్టేది కాదు.

పదవీ విరమణ చేశాక, ఈ పుస్తకాలన్నీ చదివాక, ఒకసారి బస్సెక్కి ఆ ఊరికి పోయాను. చైన్‌మన్ ఎప్పుడో కాలం చేశాడు. గుట్ట కూడా లేదు. అది ఉన్నచోట నాపరాతి గని గుంత, అడుగున పచ్చటి నీళ్ళు. గట్టు మీద కోసిన బండలు పేర్చి ఉన్నాయి. అక్కడ పనిచేస్తున్న కుర్రవాణ్ణి గవి గురించి అడిగితే, "ఏం గవి తాతా?" అన్నాడు.

గని తవ్వినవారిని నేను తప్పుపట్టడం లేదు. ఆ రాయి మీద ఆ ప్రాంతంలో వేల కుటుంబాలు బతుకుతున్నాయి. నా ఇంట్లో పరిచిందీ ఆ బండే. పోరంబోకు అని కాగితంలో ఉంటే పోరంబోకు కిందనే ఇస్తారు. అక్కడ గవి ఉందని కాగితంలో ఉంటే, పేలుడు పెట్టేముందు ఎవరైనా ఒకసారి లోపల దీపం పట్టి చూసేవారేమో. ఆ ఎముకలు రాకాసివో, ఖడ్గమృగానివో, మేకవో, ఇక ఎవరూ చెప్పలేరు.

న్యూబోల్డ్ రాశాడు కనుక నలభై ఏళ్ళ తర్వాత ఫుట్ వచ్చాడు. ఫుట్ రాశాడు కనుక, పనిముట్లు పోయినా, తొంభై ఏళ్ళ తర్వాత మూర్తిగారు వచ్చి నిజం తేల్చారు. నేను రాయలేదు కనుక నా గవికి ఎవరూ రాలేదు.

మనం చేయగలిగింది

బ్రూస్ ఫుట్ 1891లో జియలాజికల్ సర్వే నుంచి పదవీ విరమణ చేశాడు. ఆ తర్వాత కూడా సంస్థానాల్లో పనిచేస్తూ, జీవితమంతా సేకరించిన రాతి పనిముట్లను సర్దుకుంటూ, ఏది ఏ ఊళ్ళో, ఏ వాగు ఒడ్డున దొరికిందో రాసుకుంటూ కూర్చున్నాడు. 1904లో ఆ సేకరణను మద్రాసు మ్యూజియం తీసుకుంది. 1912లో ఆయన చనిపోయాడు. ఆయన రాసిన జాబితా 1914లోనూ, వివరణ 1916లోనూ అచ్చయ్యాయి. అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. కానీ ఈనాటికీ దక్షిణాది పూర్వచరిత్ర చదివేవారు ఆ పుస్తకాలు తెరవక తప్పదు. అది ఒక పెన్షనరు చేసిన పని.

మనలో రెవెన్యూవారున్నారు, అటవీ శాఖవారున్నారు, పంతుళ్ళున్నారు, ఇంజనీర్లున్నారు, ఊరూరా తిరిగిన ఆరోగ్య కార్యకర్తలున్నారు. మనం చూసిన ఊళ్ళు ఇప్పటి పిల్లలు చూడలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. బెలుం, బిల్లసుర్గం, యాగంటి అన్నీ నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారే కాలంలో మనుషుల జ్ఞాపకమే కొన్నిటికి ఆధారం.

కనుక నా విన్నపం ఇది. మీరు పనిచేసిన చోట ఒక గవి, ఎర్రరంగు బొమ్మలున్న ఒక బండ, ఎముకలు బయటపడిన ఒక వాగు గట్టు, ఏది చూసినా, ఎవరైనా చెప్పగా విన్నా, ఒక తెల్లకాగితం మీద రాయండి. ఊరి పేరు, మండలం, ఏ దిక్కున ఎంత దూరం, మీకు చూపించిన మనిషి పేరు, చూసిన సంవత్సరం. ఇంతే చాలు. భాష బాగుండనక్కర్లేదు. చెయ్యి వణికితే మనవరాలి చేత రాయించండి. ఒక ప్రతి పురావస్తు శాఖకు, ఒక ప్రతి మన సంఘం బీరువాకు. అక్కడికి వెళ్ళి తవ్వకండి, ఎముక ముక్క కూడా ఇంటికి తేకండి. దొరికిన చోట ఉన్నంతసేపే అది చరిత్ర, అలమరలోకి వస్తే వట్టి ఎముక.

నా వంతు కాగితం నిన్న రాత్రి రాశాను. ఊరి పేరు రాశాను, గుట్ట ఏ దిక్కున ఉండేదో రాశాను, ఇప్పుడు లేదని కూడా రాశాను. చివరి గడిలో, చూపిన మనిషి అన్నచోట, ఆ చైన్‌మన్ పేరు రాశాను. సర్వీసులో ఉండగా జీతపు పట్టీలో తప్ప ఆయన పేరు నేను ఎక్కడా రాయలేదు.